తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

“ఇప్పుడే వస్తనే అమ్మా! రెండు నిమిషాలు...”

ఈ మాట వినని తల్లి మనలో ఎవరైనా ఉన్నారా? పట్నంలో అయినా, మా చిట్యాల లాంటి చిన్న ఊళ్లో అయినా సాయంత్రమయ్యేసరికి వాకిట్లో వినిపించేది ఇదే. ఆ వెంటనే బండి స్టార్టయిన చప్పుడు. పొయ్యి మీద కూర మాడుతోందని మనం లోపలికి పరుగెత్తుతాం. రెండు నిమిషాలు పది అవుతాయి, పది ఇరవై అవుతాయి. అప్పుడు గానీ మన చెవులు రోడ్డు వైపు తిరగవు.

పోయిన యాసంగి వడ్ల కాలంలో ఒక రాత్రి మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అత్తమ్మకు బీపీ గోలీలు అయిపోయాయి. మావారు ఎవరి కారులోనో పక్కూరికి పెళ్లికి వెళ్లారు. బండి వాకిట్లో ఉంది. తాళంచెవి గోడకున్న మేకుకు వేలాడుతోంది. మా పెద్దోడికి పదిహేనేళ్లు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. మందుల షాపుకు నడిచి వెళితే పావుగంట. “బండి మీదైతే ఐదు నిమిషాలే అమ్మా” అన్నాడు. మేకుకున్న తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టింది ఎవరో కాదు, నేనే.

గోలీలు కొన్నాడు. కానీ తిన్నగా ఇంటికి రాలేదు. దోస్తును ఎక్కించుకుని ‘ఒక్క రౌండు’ అంటూ ఊరి బయటికి పోయాడు. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. రాత్రి కాబట్టి కుప్ప చేసి నల్ల పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. చీకట్లో నల్ల పరదా ఏం కనిపిస్తుంది? ముందు చక్రం రాయికి తగిలింది. ఎడమ చేయి విరిగింది. నుదుటి మీద ఏడు కుట్లు. వెనక కూర్చున్న పిల్లవాడు దేవుడి దయవల్ల గీతలతో బయటపడ్డాడు. ఎంత స్పీడులో పోయారురా అని అడిగితే మావాడు నలభై అన్నాడు. వెనక కూర్చున్నవాడు డెబ్బై అన్నాడు!

హెల్మెట్టు? ఇంట్లో బీరువా మీద ఉంది, దుమ్ము పట్టి.

తప్పు ఎవరిది?

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో మా ఇంటి పంచాయితీ చూసి తీరాల్సిందే. “నిన్నెవరు చెవి ఇయ్యమన్నరు?” అని మావారు నా మీద. “మీరు నేర్పకుంటే వానికి బండి ఎట్ల వచ్చు?” అని నేను ఆయన మీద. “నా గోలీల కోసమే పోయిండు నా కొడుకు” అని అత్తమ్మ తన మీద తానే. చివరికి అందరం కలిసి ఆ వడ్లు పోసినవాళ్ల మీద పడ్డాం. రోడ్డేమన్నా వాళ్ల అబ్బ జాగీరా అని నేనూ అన్నాను. నోరు కదా!

మర్నాడు పొద్దున్నే ఒక ముసలామె వెతుక్కుంటూ వచ్చింది. కొంగులో నాలుగు కోడిగుడ్లు. “బిడ్డా, ఆ వడ్లు మావే. కల్లం లేకపాయె, ఐకేపీ సెంటర్ల జాగ లేకపాయె. వాన మొగులైతుంటె ఏడ పోస్తం? పిలగాడు పడ్డడంటె రాత్రంత కన్ను మూయలే” అని కళ్లు ఒత్తుకుంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమెను తిట్టిన నోటితోనే చాయ్ తాగమన్నాను.

చేతికి కట్టుతో మంచాన పడ్డ మావాడికి పొద్దు పోవాలి కదా! ఫోనులో కార్ల రేసులు చూడటం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. “పడింది చాలలేదారా?” అన్నాను. వాడు తాపీగా, “అమ్మా, వీళ్లు మూడు వందల స్పీడుల గోడకు గుద్దినా లేచి నడుసుకుంట వస్తరు, చూడు” అన్నాడు. కోపంగా చూడటానికి కూర్చున్నదాన్ని చాలాసేపు లేవలేకపోయాను. నా మనసులో ఒకటే ప్రశ్న. అంత వేగంలో వాళ్లు బతుకుతుంటే, ఇంత వేగానికే మన పిల్లలు ఎందుకు పోతున్నారు?

ఇమోలాలో ఒక ఆదివారం

వాళ్లు మొదటినుంచీ అలా బతకలేదట. 1994 మే 1న ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద ఫార్ములా వన్ పందెంలో బ్రెజిల్‌కు చెందిన అయర్టన్ సెన్నా కారు అదుపు తప్పి కాంక్రీటు గోడకు గుద్దుకుంది. అతనికి అప్పటికి 34 ఏళ్లు, మూడుసార్లు ప్రపంచ చాంపియన్. అంతకు ముందురోజే అదే ట్రాక్ మీద ఆస్ట్రియా యువకుడు రోలాండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. సెన్నా కారులో మడిచిపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే పోయిన తోటివాడి కోసం దాన్ని ఎగరేయాలనుకున్నాడట. అది చదివితే కళ్లు చెమర్చని తల్లి ఉంటుందా!

అప్పుడు వాళ్లూ మనలాగే మొదట ‘తప్పు ఎవరిది’ అనే అడిగారు. ఇటలీలో కేసు నడిచింది. జట్టు యజమాని, ఇంజినీర్లు, ట్రాక్ నిర్వాహకులు బోనెక్కారు. సెన్నాకు కూర్చోవడానికి సౌకర్యంగా లేదని స్టీరింగ్ కడ్డీని కోసి, వేరే ముక్క అతికించారు. అది విరగడం వల్లే ప్రమాదమని ప్రాసిక్యూషన్. కాదు, గోడకు తగిలాకే విరిగిందని జట్టు. 1997లో కింది కోర్టు అందరినీ నిర్దోషులంది. అప్పీళ్ల మీద అప్పీళ్లు నడిచాయి. 2007లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం జట్టు సాంకేతిక విభాగం పెద్ద పాట్రిక్ హెడ్‌దే బాధ్యత అంటూనే, గడువు దాటిపోయింది కనుక శిక్ష లేదని తేల్చింది.

పదమూడేళ్లు! ఆ తీర్పు వల్ల సెన్నా తిరిగి రాలేదు. ఆ తీర్పు కోసం ఆగి ఉంటే ఇంకెందరు పోయేవారో! కానీ అటు కోర్టులో వాదనలు నడుస్తుండగానే ఇటు పని జరిగిపోయింది. చావు జరిగిన కొద్దిరోజులకే డ్రైవర్లు ఒక సంఘంగా కూడి మా ప్రాణాల సంగతి మేమూ మాట్లాడతామన్నారు. మరుసటి ఏడాదికి ఆ మలుపునే మార్చేశారు. కార్ల వేగానికి పగ్గాలు వేశారు. డ్రైవరు తలకు అటూ ఇటూ రక్షణగా కారు అంచులు ఎత్తు పెంచారు. మెడ విరగకుండా హెల్మెట్టును భుజాలకు కట్టిపట్టే పరికరం 2003 నుంచి తప్పనిసరి అయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఫార్ములా వన్ పోటీల్లో ఏ డ్రైవరూ ప్రాణాంతకంగా దెబ్బతినలేదు.

ఆ వరస 2014 అక్టోబరు 5న తెగింది. జపాన్‌లో వానలో జూల్స్ బియాంకీ కారు జారి, పక్కన ఇంకో కారును తీస్తున్న ట్రాక్టరు లాంటి క్రేన్‌కు గుద్దుకుంది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2015 జూలైలో పోయాడు. విచారణ జరిపిన నిపుణులు, హెచ్చరిక జెండా చూసి కూడా అతను తగినంత వేగం తగ్గించలేదన్నారు. మనమైతే అక్కడితో ఫైలు మూసేసి ‘స్పీడుగా పోయిండు, పోయిండు’ అనేవాళ్లం. వాళ్లు మూయలేదు. ‘సరే, మనిషన్నాక తగ్గించడు. తగ్గించేలా మనమేం చేయాలి?’ అని ఆలోచించారు. 2015 నుంచి ప్రమాదం జరగ్గానే ట్రాక్ మీదున్న కార్లన్నీ చెప్పిన వేగానికి తగ్గి తీరాలనే నియమం వచ్చింది. 2018లో డ్రైవరు తల ముందు బలమైన టైటానియం కమ్మి పెట్టారు. దాన్నే ‘హేలో’ అంటారు.

అది వద్దన్న డ్రైవర్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఫ్రాన్స్ వాడు రొమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతని కారే ఇనుప కంచెలోకి దూసుకుపోయి, రెండు ముక్కలై, భగ్గున మండింది. అరనిమిషం లోపే ఆ మంటల్లోంచి బయటికి వచ్చాడు. చేతులు కాలాయి కానీ తల నిలిచింది. హేలో లేకపోతే నేనివాళ మీతో మాట్లాడేవాణ్ణి కాదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. హెల్మెట్టు వద్దని మారాం చేసే మన పిల్లలకు ఈ ఒక్క కథ చెప్పండి, చాలు.

పదమూడేళ్ల పిల్లవాడు

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల గొడవ అనుకోకండి. మన పొరుగున చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసుల ట్రాక్ ఉంది. 2023 జనవరి 8న అక్కడ జాతీయ కార్ల పందెంలో 59 ఏళ్ల సీనియర్ డ్రైవరు కె.ఇ.కుమార్ కారు ఇంకో కారును తాకి, ట్రాక్ దాటి కంచెకు గుద్దుకుని తలకిందులైంది. ఆయన దక్కలేదు. ఏడు నెలలకే, ఆగస్టు 5న, అదే ట్రాక్ మీద జాతీయ మోటారు సైకిళ్ల పోటీలో బెంగళూరు పిల్లవాడు శ్రేయస్ హరీష్ పడిపోయి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. వాడి వయసు 13 ఏళ్లు. ఆ పొద్దున అర్హత పోటీలో అందరికంటే ముందు నిలిచిన పిల్లవాడు సాయంత్రానికి లేడు.

రేసులో హెల్మెట్టు లేకుండా బండి ఎక్కనివ్వరు. పిల్లవాడు పడగానే ఎర్ర జెండా చూపి పందెం ఆపారు. వెంటనే ఆస్పత్రికి తరలించారు. అయినా ప్రాణం నిలవలేదు. అంటే ఎన్ని జాగ్రత్తలున్నా వేగం వేగమే, చిన్నవాడు చిన్నవాడే!

ఈ వయసు మాట మీదే ప్రపంచం ముందుగా కళ్లు తెరిచింది. 2021లో యూరప్‌లో నాలుగు నెలల వ్యవధిలో ముగ్గురు కుర్రాళ్లు బైకు పోటీల్లో పోయారు. ఒకరికి 19, ఒకరికి 15, ఒకరికి 14. అంతర్జాతీయ మోటారు సైకిళ్ల సమాఖ్య ఆ పిల్లల్ని తప్పుపట్టలేదు. ప్రపంచ స్థాయి పోటీలకు కనీస వయసు 2023 నుంచి 18 ఏళ్లకు పెంచుతున్నామని ఆ అక్టోబరులోనే ప్రకటించింది. కుర్రాళ్ల పోటీల్లో ఒకేసారి దిగే బండ్ల సంఖ్యను కూడా తగ్గించింది.

పద్దెనిమిది! మన చట్టంలో ఎప్పటినుంచో రాసి ఉన్న అంకే కదూ ఇది?

మన రోడ్లకు జెండా ఊపేదెవరు?

రేసు ట్రాక్ మీద ఎదురుగా ఎవరూ రారు. మలుపు దగ్గర టైర్ల గోడ ఉంటుంది. జారితే ఆపడానికి గులకరాళ్ల పరుపు ఉంటుంది. డాక్టరు, అంబులెన్సు సిద్ధంగా ఉంటాయి. మరి మా పరకాల రోడ్డు మీద? ఎదురుగా ఇసుక లారీ, పక్కన బర్రె, ముందు వడ్ల కుప్ప, పైన చీకటి. అక్కడ కూడా మన పిల్లలు పందెం వేసుకుంటారు, తలమీద గుడ్డ కూడా లేకుండా!

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో హెల్మెట్టు లేకుండా పోయినవాళ్లే 50,029. ఆ యాభై వేలలో పద్నాలుగు వేల పైచిలుకు మంది వెనక కూర్చున్నవాళ్లు. వెనక కూర్చునేది ఎక్కువగా ఎవరు? మనమే! చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒళ్లో బిడ్డను పెట్టుకుని, జడలో పూలు నలుగుతాయని హెల్మెట్టు వద్దనేది మనమే.

పెద్దింటి పిల్లలకైనా రోడ్డు చుట్టం కాదు. 2010లో నటుడు కోట శ్రీనివాసరావు గారి అబ్బాయి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో పోయారు. 2011 సెప్టెంబరులో అదే రింగు రోడ్డు మీద క్రికెటర్ అజహరుద్దీన్ కొడుకు, 19 ఏళ్ల అయాజుద్దీన్ వేయి సీసీల బండి మీద నుంచి పడి ఐదు రోజుల తర్వాత కన్నుమూశాడు. వెనక కూర్చున్న పదహారేళ్ల బంధువూ దక్కలేదు. అసలు ఆ రోడ్డు మీదికి బైకులను రానివ్వకూడదు. ఎవరినీ ఎత్తిపొడవడానికి ఈ మాటలు రాయడం లేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి వేలు చూపే హక్కు ఎవరికీ లేదు. 2021 సెప్టెంబరులో నటుడు సాయిధరమ్ తేజ్ బండి హైదరాబాద్‌లో ఇసుక మీద జారింది. ఆయన రోజుల తరబడి స్పృహలో లేరు, అయినా బతికి వచ్చారు. ఆ రోజు ఆయన తలకు హెల్మెట్టు ఉంది.

ఇక చట్టం సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాడు బండి నడిపి నేరానికి పాల్పడితే, తల్లిదండ్రులు లేదా బండి యజమాని నేరస్తులవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇది చదివిన రోజు నాకు చెమటలు పట్టాయి. ఆ రాత్రి మేకుకున్న తాళంచెవి తీసి ఇచ్చిన చేయి ఏం చేసిందో అప్పుడు గానీ అర్థం కాలేదు. ‘ఐదు నిమిషాల పనే కదా’ అనుకున్నాను. ఆ పిల్లలిద్దరిలో ఒక్కరికి ఏమైనా అయి ఉంటే, ఆ తల్లి మొహం నేను ఎలా చూసేదాన్ని?

తప్పు వేరు, బాధ్యత వేరు

రేసుల వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. తప్పు అనేది జరిగినదాన్ని చూస్తుంది. బాధ్యత అనేది జరగబోయేదాన్ని చూస్తుంది. తప్పు ఎవరిదో తేలడానికి పదమూడేళ్లు పట్టొచ్చు, అసలు తేలకనే పోవచ్చు. బాధ్యత మాత్రం ఈ సాయంత్రమే తీసుకోవచ్చు. పైగా తప్పును ఒకరి మీదికి నెట్టొచ్చు గానీ, బాధ్యతను పంచుకుంటే తప్ప పని జరగదు.

మా ఇంట్లో అలాగే పంచుకున్నాం. బండి నేర్పింది తనేనని మావారు ఒప్పుకున్నారు. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా ఇవ్వనని కొడుకు ఎదుటే చెప్పారు. అత్తమ్మ తన గోలీలు ఐదు రోజులవి మిగిలి ఉండగానే చెప్పడం మొదలుపెట్టింది. మావాడు కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. దోస్తులందరూ నడుపుతున్నారని అలిగాడు కూడా. నేను వాడి ఫోనులోనే ఆ చెన్నై పిల్లవాడి ఫొటో చూపించి ఊరుకున్నాను. వాడు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

మరి వడ్ల సంగతి? ఆ ముసలామెను ఇంకోసారి పిలిచి మాట్లాడాను. రోడ్డు మీద పోయొద్దు అనడం తేలిక. పోయకుండా ఆమె బతుకు గడవాలంటే కల్లాలు కావాలి. ఆ మాట మా మహిళా సంఘంలో పెట్టాం, పంచాయతీలో అడిగాం. అదెప్పుడవుతుందో! అప్పటిదాకా మలుపుల దగ్గర పోయకుండా చూడటం, బండ రాళ్లకు బదులు ఇసుక నింపిన తెల్ల సంచులు పెట్టడం, చీకటి పడకముందే కుప్పకు రెండువైపులా కర్రలు పాతి ఎర్ర గుడ్డ, పక్కన మెరిసే రేకు కట్టడం ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా ఒప్పుకున్నారు. ఎర్ర గుడ్డ కోసం నా పాత నేత చీర ఒకటి చింపి ఇచ్చాను. రేసుల్లో ఎర్ర జెండా ఊపడానికి మనుషులుంటారు. మా ఊళ్లో ఇప్పటికి నా చీర ముక్క ఉంది.

తాళంచెవి మేకుకు వేలాడటం లేదిప్పుడు. హెల్మెట్టులో వేసి బీరువాలో పెడుతున్నాం. బండి తీయాలంటే హెల్మెట్టు చేత పట్టుకోక తప్పదు. మొదటి నాలుగు రోజులు మావారు విసుక్కున్నారు. ఇప్పుడు అలవాటైంది. నిన్న ఆయన వెనక నేను కూర్చోబోతుంటే మావాడు లోపలికి పోయి రెండో హెల్మెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఇప్పుడే వస్తం రా” అన్నాను, నవ్వుతూ.

“మెల్లగ రాండ్రి” అన్నాడు వాడు.

ఇంట్లో ఇవి చేసి చూద్దామా?

• పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు గేరు బండి ‘పక్క వీధికే’ అయినా ఇవ్వొద్దు. పదహారు నిండినవారికి చట్టం ఒప్పుకునేది గేరు లేని 50 సీసీ లోపు బండి మాత్రమే, అదీ లైసెన్సు ఉంటేనే.

• హెల్మెట్టు ఐఎస్ఐ గుర్తుతో ఉన్నదే కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది పెట్టుకోనట్టే. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ, వెనక కూర్చునే మనకూ అది కావాలి.

• రోడ్డు మీద పందేలు వేయడం నేరం. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

• ప్రమాదం చూస్తే ఆగండి, 108కి ఫోను చేయండి. మంచి మనసుతో సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా చట్టం కాపాడుతుంది. పడిపోయినవాడి హెల్మెట్టును మాత్రం తెలియకుండా గుంజొద్దు, మెడకు ప్రమాదం.

• రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది. డబ్బు లేదని ఆలస్యం చేయకండి.